పాత జీపుకి జాతకం ఉండదు

2024 మే నెలలో మా బావమరిది కొడుకు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. మెయిన్‌ల్యాండ్‌లో ఒక బ్రోకర్ దగ్గర కొని, ఓడ మీద తెప్పించుకున్నాడు. దిగిన రోజు సాయంత్రమే మా ఇంటికి తీసుకొచ్చి చూపించాడు. బంపర్‌కి నిమ్మకాయలు, పచ్చి మిరపకాయలు. బానెట్ మీద పసుపు, కుంకుమ. నంబరు అంకెలన్నీ కూడితే తొమ్మిది వస్తుందని వాడే లెక్క చెప్పాడు.

"ఎంతయిందిరా?" అన్నాను.

"ఏడు లక్షలు మావయ్యా."

"పదకొండేళ్ళ బండికి ఏడు లక్షలా!"

"ఇది మామూలు కారు కాదు మావయ్యా, బంగారం. నాలుగేళ్ళు వాడుకుని అమ్మినా పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు" అన్నాడు.

ఆ ఏడు లక్షల్లో నాలుగు లక్షలు వాడి భార్య నగలు తాకట్టు పెట్టి తెచ్చినవని తరవాత తెలిసింది. అంటే నిజం బంగారం కుదువ పెట్టి, బంగారం లాంటిది కొన్నాడన్న మాట!

వాడు చిన్న కాంట్రాక్టరు. రంగత్, మాయాబందర్ వైపు ఇళ్ళకి వైరింగు పనులు చేయిస్తాడు. అక్టోబరులో ఒక రోజు తెల్లవారుజామున, జిర్కటాంగ్ దగ్గర మొదటి కాన్వాయ్ అందుకోవాలని ఇద్దరు పనివాళ్ళని ఎక్కించుకుని బయల్దేరాడు. ఫెరార్‌గంజ్ దాటాక ఒక మలుపులో, వెనక కమాన్ పట్టీ ఛాసిస్‌కి పట్టుకుని ఉండే బ్రాకెట్ ఊడి వచ్చేసింది. బండి కాలవలోకి ఒరిగింది. ఒక పనివాడికి భుజం దగ్గర ఎముక విరిగింది. అవతలి వైపు లోయ ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

మెకానిక్ బండి పైకెత్తి చూపించాడు. కింద అంతా నల్లటి అండర్ కోటింగ్ దట్టంగా పూసి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఛాసిస్‌లోకి దిగిపోయింది. లోపల ఇనుము లేదు, తుప్పు ఉంది. ఇది ఏ కంపెనీ బండో చెప్పను. తప్పు తయారు చేసిన వాడిది కాదు. తుప్పు మీద రంగు పూసి అమ్మినవాడిది, రంగు చూసి కొన్నవాడిది.

ఇంట్లో వాళ్ళు అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "బండి ఇంటికొచ్చిన వేళ మంచిది కాదు, శాంతి చేయించాలి" అని! అయిదు నెలల క్రితం నంబరు అదృష్టం అన్నదీ వాళ్ళే, ఇప్పుడు వేళ దురదృష్టం అన్నదీ వాళ్ళే. ఈ రెండు మాటల మధ్య ఒక్కరు కూడా బండి కింద దూరి చూడలేదు.

నేను ముప్ఫై ఆరేళ్ళు రక్షణ శాఖ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన వాడిని. చదివింది బి.కాం. నాకు కారు తోలడం కూడా సరిగా రాదు. కానీ బండ్ల రిపేరు బిల్లులు, స్పేర్ పార్టుల బిల్లులు, కండెమ్ చేసి వేలం వేసిన బండ్ల ఫైళ్ళు చాలా చూశాను. ఏ బండి ఏ ధరకి ఎందుకు పోతుందో నాకు అర్థమైంది ఆ కాగితాల్లోనే. అందుకే "కొన్ని జీపులకి రేటు పడిపోదు, అది వాటి మహత్తు" అనే మాట వింటే ఊరుకోలేను. ఇది నిమ్మకాయల కంటే ప్రమాదకరమైన మూఢనమ్మకం. ఎందుకంటే నిమ్మకాయకి పది రూపాయలు పోతాయి, దీనికి నగలు పోతాయి.

ముందుగా ఒక మాట ఒప్పుకుంటాను. కొన్ని ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల పాత ధర మామూలు కార్ల కంటే నిదానంగా పడుతుంది. ఇది నిజం. అబద్ధమల్లా దానికి మనవాళ్ళు చెప్పే కారణం.

మారుతి జిప్సీ సంగతి చూడండి. 1985 చివర్లో మన దేశంలోకి వచ్చింది. తరవాత 1300 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. ఒక టన్ను లోపు బరువు, నిచ్చెన లాంటి ఛాసిస్, నాలుగు వైపులా కమాన్ పట్టీలు. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ విరివిగా వాడారు. కంపెనీ 2019 నాటికి మామూలు జనానికి అమ్మడం ఆపేసింది. ఆగిన తరవాత కూడా బాగున్న జిప్సీలకి గిరాకీ తగ్గలేదు. ఎందుకు?

మొదటి కారణం, కొత్తది దొరకదు. అంత తేలికగా, అంత చిన్నగా, ఫోర్ వీల్ గేర్ ఉన్న పెట్రోలు బండి కావాలంటే పాతది కొనాల్సిందే. రెండవ కారణం, బాగు చెయ్యడం తేలిక. బల్లపరుపు రేకులు, ఏ టింకరింగ్ షాపు వాడైనా కొట్టి సరిచేస్తాడు. ఇంజను ఒకప్పటి ఎస్టీమ్ కారు ఇంజను కుటుంబానిదే, కనక తెలిసిన మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. మూడవ కారణం, కొనేవాళ్ళు రకరకాలు. కొండ తోటల వాళ్ళు, ర్యాలీల వాళ్ళు, అడవుల్లో సఫారీ తిప్పేవాళ్ళు, సరదాకి కొనే కుర్రాళ్ళు. హర్యానాలో మండీ డబ్‌వాలీ అనే ఊరు పాత జీపుల్ని విప్పి, మార్చి, మళ్ళీ కట్టి అమ్మడానికే పేరు పొందింది. ఒక వర్గం వద్దన్నా ఇంకో వర్గం కొంటుంది.

ఇందులో మహత్తు ఎక్కడుంది? సరుకు తక్కువ, గిరాకీ ఎక్కువ, మరమ్మతు చవక. ఇంటర్మీడియట్ కామర్స్ పిల్లవాడు చెప్పే సమాధానం!

ఇంకో సంగతి ఆలోచించండి. జిప్సీ అమ్మకం ఆగిన రోజుల్లోనే కార్లకి కొత్త భద్రతా నిబంధనలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఆ పాత బండిని వాటికి తగ్గట్టు మార్చకుండా ఆపేశారు. అంటే కొత్తది దొరక్కపోవడానికి కారణం ఆ బండి ఈ కాలపు భద్రతకి తూగకపోవడం. కొత్తది దొరకదు కనకే పాతదానికి రేటు. అప్పుడు ఆ రేటు చూసి "ఎంత గట్టి బండో!" అని మురిసిపోవడం ఏం తర్కం? ఎయిర్ బ్యాగు లేని బండిలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని, రీసేల్ బాగుందని సంతోషించడమా?

"లేదండీ, గట్టి బండి కాబట్టే రేటు" అనే వాళ్ళ కోసం రెండు ఉదాహరణలు ఇస్తాను.

ఒకటి, జిమ్నీ. జిప్సీ వంశంలోదే. అదే నిచ్చెన ఛాసిస్, అదే ఫోర్ వీల్ గేర్, పైగా ఎయిర్ బ్యాగులు. అయిదు తలుపుల జిమ్నీ 2023 జూన్‌లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు మొదలు ధర 12.74 లక్షలు. ఆ ఏడాది డిసెంబరు వచ్చేసరికి థండర్ ఎడిషన్ పేరుతో 10.74 లక్షల నుంచి అమ్మారు. జూన్‌లో కొన్నవాడు బండిని షెడ్డులో గుడ్డ కప్పి ఉంచినా, ఆరు నెలల్లో రెండు లక్షలు తరిగిపోయాయి. బండి గట్టితనం మారిందా? జాతకం మారిందా? షోరూములో కొత్త బండి చవకయింది, అంతే. పాత బండి ధర కొత్త బండి ధర నీడలో నడుస్తుంది.

రెండవది, ల్యాండ్ రోవర్ డిఫెండర్. పాత మోడల్ తయారీ ఇంగ్లండులో 2016 జనవరి 29న ఆగింది. నూనె కారడానికి, నీరు కారడానికి దాని యజమానులే జోకులు వేసుకునే బండి అది. అయినా ఆగిన తరవాత మంచి కండిషన్‌లో ఉన్న వాటి ధరలు పెరిగాయి. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన బండ్లని దిగుమతి చేసుకోవడానికి నిబంధనల సడలింపు ఉంది. దాంతో అక్కడి సరదా కొనుగోలుదార్లు కూడా ఎగబడ్డారు. గట్టితనమే రేటుకి కారణమైతే ఇది జరగకూడదు కదా?

మన థార్ కూడా ఇదే పాఠం చెబుతుంది. కొత్త థార్ 2020 అక్టోబరులో వచ్చింది. చిప్పుల కొరత రోజుల్లో నెలల తరబడి వెయిటింగు. అప్పుడు ఏడాది వాడిన బండి దాదాపు కొత్త ధర పలికింది. "థార్‌కి రేటు పడదు" అనే సామెత పుట్టింది అప్పుడే. ఆ తరవాత 2023 జనవరిలో చవక రకం టూ వీల్ డ్రైవ్ వచ్చింది, 2024 ఆగస్టులో అయిదు తలుపుల రాక్స్ వచ్చింది. 2024 చివర్లో మూడు తలుపుల వాటి మీద డీలర్లు పెద్ద డిస్కౌంట్లు ఇచ్చారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గి కొత్త బండ్ల ధరలు ఇంకా దిగాయి. సామెత మాత్రం జనం నోట్లో అలాగే ఉండిపోయింది. సామెత నమ్మి ఖరీదు పెట్టి పాతది కొన్నవాడికి ఆ తేడా ఎవరిస్తారు? సామెత చెప్పిన వాడా?

థార్ అనగానే గురువాయూరు గుర్తొస్తుంది. 2021 డిసెంబరులో మహీంద్రా కంపెనీ కేరళలోని ఆ గుడికి ఒక థార్ కానుకగా ఇచ్చింది. దేవస్వం వాళ్ళు వేలం వేశారు. కనీస ధర 15 లక్షలు. పాడినవాడు ఒక్కడే, 15.10 లక్షలకి పోయింది. అంత తక్కువకా అని గొడవైంది, కోర్టు దాకా వెళ్ళింది. 2022 జూన్‌లో మళ్ళీ వేలం వేస్తే 43 లక్షలు పలికింది. అదే బండి, అదే గుడి, అదే దేవుడు. మారినదల్లా వేలానికి వచ్చిన జనం! మహిమే అయితే మొదటి వేలం రోజున ఆ మహిమ ఎక్కడికి పోయింది? ఒకడు పాడితే ఒక ధర, పదిమంది పాడితే ఇంకో ధర. నేను చూసిన వేలం ఫైళ్ళలోనూ ఇదే. ధర అనేది వస్తువులో ఉండదు. కొనేవాళ్ళ గుంపులో ఉంటుంది. గుంపు చెదిరితే ధరా చెదురుతుంది.

అదృష్ట సంఖ్యల సంగతీ అంతే. 2024లో హైదరాబాదు ఖైరతాబాదు ఆర్టీఏలో ఒక 9999 నంబరు 25 లక్షలకి పైగా పలికింది. ఆ డబ్బుతో మంచి కొత్త బండే వస్తుంది! అమ్మేటప్పుడు ఎదుటివాడికి కూడా అదే పిచ్చి ఉంటే కొంత తిరిగి రావచ్చు. లేకపోతే అది నాలుగు అంకెల రేకు ముక్క.

ఇప్పుడు మా దీవుల సంగతి. ఇక్కడ దాదాపు 13 శాతం మంది తెలుగువాళ్ళం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడ్డవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న మా పోర్ట్ బ్లెయిర్‌కి విశాఖ నుంచి, చెన్నై నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. బండి అయినా, బండి పార్టు అయినా ఓడ మీదో విమానం మీదో రావాలి. డిగ్లీపూర్ దాకా వెళ్ళే ట్రంక్ రోడ్డులో జరావాల రిజర్వ్ ఉంది, కాన్వాయ్ ఉంది, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండిని ఫెర్రీ ఎక్కించాలి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన. కాబట్టి గట్టి ఫోర్ వీల్ బండికి ఇక్కడ గిరాకీ ఉండడం సహజమే. కానీ అదే గాలిలో ఉప్పు కూడా ఉంది. తడి ఇనుము మీద ఉప్పు చేరితే తుప్పు వేగం పెరుగుతుంది. నిచ్చెన ఛాసిస్ లోపల బోలుగా ఉంటుంది. బురద, ఉప్పు నీరు లోపలికి చేరి లోపలినుంచి తింటాయి. పైకి ఏమీ కనపడదు.

2004 డిసెంబరు 26 సునామీ తరవాత నేను ఇక్కడే ఉద్యోగంలో ఉన్నాను. దక్షిణ అండమాన్ నేల కుంగి సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రం వచ్చి నిలిచిపోయింది. ఉప్పు నీళ్ళలో మునిగిన బండ్లని కడిగి, రంగు వేసి నడిపారు కొందరు. ఏడాది రెండేళ్ళలో వైరింగు, బ్రేకు పైపులు, ఛాసిస్ ఒకదాని తరవాత ఒకటి పోయాయి. ఏ కంపెనీ పేరు చూసీ ఉప్పు వెనక్కి తగ్గలేదు. నిమ్మకాయ కట్టిన బండిని వదల్లేదు, కట్టని బండిని పగబట్టలేదు.

బంగారానికి తుప్పు పట్టదు. జీపుకి పడుతుంది. ఈ ఒక్క తేడా చాలదూ, ఆ పోలిక మానెయ్యడానికి?

ఇక "పెట్టిన డబ్బు తిరిగొచ్చింది" అనే వాళ్ళ లెక్క చూద్దాం. 2010లో ఆరు లక్షలు పెట్టి కొని 2022లో మూడున్నర లక్షలకి అమ్మిన ఒకాయన ఉన్నాడనుకోండి. "పన్నెండేళ్ళు వాడితే రెండున్నర లక్షలే పోయాయి" అని మీసం తిప్పుతాడు. అదే ఆరు లక్షలు ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసి కదపకపోతే, పన్నెండేళ్ళకి పదమూడున్నర లక్షలయ్యేవి. అంటే ఖర్చు రెండున్నర కాదు, పది లక్షలు. ఇన్సూరెన్సు, టైర్లు, టింకరింగు, పెట్రోలు వేరే. ఖర్చు పెట్టడం తప్పని నేననను. బండి సేవ చేసింది, దానికి అద్దె కట్టాడు. కానీ అద్దెని ఆదాయం అని చెప్పకూడదు కదా!

పైగా రేటు బాగా వచ్చినవాడే పదిమందికీ చెబుతాడు. నష్టపోయినవాడు నోరు విప్పడు. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాడు అడిగే ధర, చేతికొచ్చిన ధర కాదు. జ్యోతిష్యం నిజమైన సందర్భాలనే గుర్తుంచుకునే అలవాటు ఇక్కడా పనిచేస్తోంది.

ఇన్సూరెన్సు కంపెనీకి ఈ భక్తి లేదు. వాళ్ళ లెక్కలో ఏ బండికైనా కట్టే విలువ మొదటి ఆరు నెలల్లో 5 శాతం తగ్గుతుంది, ఏడాది లోపు 15, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, నాలుగేళ్ళ లోపు 40, అయిదేళ్ళ లోపు 50 శాతం. ఆపైన ఇరువురూ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. మామూలు పాలసీలో పదేళ్ళు దాటిన బండికి ఇనుప పార్టుల ఖరీదులో సగమే ఇస్తారు. అరుగుదలకీ తుప్పుకీ ఏమీ ఇవ్వరు. మావాడు ఏడు లక్షలకి కొన్న బండికి పాలసీలో రాసుకున్న విలువ రెండున్నర లక్షలు. "బంగారం" అన్న రోజున ఆ కాగితం వాడి జేబులోనే ఉంది, చదవలేదు.

"మీరు జీపులంటే పడని ముసలాయన" అనే మిత్రులున్నారు. కాదు. రోజూ మట్టి రోడ్డు ఎక్కి దిగే వాడికి ఆ బండి పనిముట్టు. మా దీవుల్లో అది కావలసిన వాళ్ళు చాలా మంది ఉన్నారు, మావాడికి కూడా కావలసిందే. పనిముట్టుగా కొంటే దాని పదును చూసి కొంటాం. బంగారం అనుకుంటే చూడడం మానేస్తాం. నమ్మకం చేసే నష్టం ఇదే, కళ్ళున్నా చూడనివ్వదు.

కాబట్టి పాత జీపు కొనడానికి వెళ్ళేటప్పుడు ఒక అయస్కాంతం, ఒక చిన్న సుత్తి, ఒక టార్చి తీసుకెళ్ళండి. రేకు మీద అయస్కాంతం అంటుకోని చోట లప్పం ఉంది. ఛాసిస్ పొడవునా సుత్తితో మెల్లగా కొట్టండి. కంగుమంటే ఇనుము, బొద్దుగా మోగితే తుప్పు. కమాన్ పట్టీల బ్రాకెట్లు, బ్రేకు పైపులు టార్చి వేసి చూడండి. కింద కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోయిందా, ఫైనాన్సు బాకీ ఉందా, వేరే రాష్ట్రం బండైతే ఎన్ఓసీ ఉందా చూడండి. కింద చూడనివ్వనంటే బేరం వదిలేసి రండి. మంచి ముహూర్తం మళ్ళీ రాదంటారు. రాకపోతే పోనివ్వండి!

మావాడి జీపుని చివరికి ఒక మెకానిక్ లక్షా అరవై వేలకి తీసుకున్నాడు, ఇంజను కోసం. పనివాడి ఆస్పత్రి ఖర్చు మావాడే పెట్టుకున్నాడు. పెట్టుకోవాల్సిందే. శాంతి చేయించడానికి తీసి ఉంచిన డబ్బు కూడా దానికే వాడమని గట్టిగా చెప్పాను, విన్నాడు. 2025లో పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు దాటింది. వాడి భార్య నగలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. నెల నెలా వడ్డీ కడుతున్నాడు.